రెండు కొసలు తెలిసినవాడు

భోగమొక కొస, దేహదండనమొక కొస. ఈ రెంటిని ఎరిగి తన కొలతను తాను వెదకికొనుటయే ఆత్మజ్ఞానమునకు త్రోవయని ప్రాచీనులు చెప్పిన మాట, పరుగే బ్రతుకైన ఈ కాలమున మరల విచారింపదగినది.

గోదావరి గట్టునుండి ఒక ప్రశ్న

అశ్మక దేశమున, గోదావరీ తీరమున, బావరి యను వృద్ధ బ్రాహ్మణుడొకడు ఉంఛవృత్తితోను వనఫలములతోను కాలము గడపుచు శిష్యులకు వేదము చెప్పుకొనుచుండెనని, బౌద్ధ వాఙ్మయమున అతి ప్రాచీనమని పండితులు తలచు సుత్తనిపాతము తెలుపుచున్నది. అశ్మకుల రాజధానియైన పోదనము నేటి బోధనేయని పెక్కురి యభిప్రాయము. బావరి యాశ్రమము నిర్మల్ జిల్లాలో గోదావరి పాయల నడుమ నున్న బాదనకుర్తి కడ నుండెనని తెలంగాణ చరిత్ర పరిశోధకులు కొందరు భావింతురు. ఆ బావరి మహాయజ్ఞమొకటి చేసి, ఉన్నదంతయు దానమిచ్చి, రిక్తహస్తములతో ఆశ్రమమునకు మరలి రాగానే, కాళ్లు పగిలి తల దుమ్ముకొట్టుకొన్న వేరొక బ్రాహ్మణుడు వచ్చి ఐదువందల నాణెములడిగెను. లేవన్నంతనే, ఏడవనాటికి తల యేడు వ్రక్కలగునని శపించెను. సర్వస్వమును త్యజించిన ఆ వృద్ధుడు ఒక్క శాపవాక్యమునకు అన్నము మాని కుమిలిపోయెను.

ధనమును విడిచినవాడు భయమును విడువలేకపోయెను. త్యాగము ఎంతటి పరాకాష్ఠకు పోయినను, తన్ను తానెరుగనివానికి అది అభయమీయజాలదని ఆ కథ చెప్పకయే చెప్పుచున్నది. అంతట బావరి బుద్ధుని వెదకి తన సందేహము తీర్చుకొనుటకై తన పదునార్గురు శిష్యులను ఉత్తరాపథమునకు పంపెను. వారు ప్రతిష్ఠానము, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతము, శ్రావస్తి, కపిలవస్తు, వైశాలి మొదలైన పట్టణములను దాటి, మగధదేశమున పాషాణక చైత్యము కడ బుద్ధుని దర్శించి, ఒక్కొక్కరు ఒక్కొక్క ప్రశ్న వేసిరి. వారిలో రెండవవాడైన తిస్స మెత్తేయ్యుని ప్రశ్నయే మన ప్రస్తుత విచారమునకు మూలము. లోకమున సంతృప్తుడెవ్వడు, చలనము లేనివాడెవ్వడు, రెండు కొసలను తెలిసికొని నడుమనుకూడ అంటుకొననివాడెవ్వడు అని ఆతడడిగెను.

ప్రశ్నలోని కడపటి మాటను గమనింపవలెను. కొసలను విడిచి నడుమ నుండుమని చెప్పువారు లోకమున పెక్కురు. నడుమనైనను అంటుకొనరాదన్నది గోదావరి గట్టున చదువుకొన్న ఆ శిష్యుని సూక్ష్మదృష్టి. ఆ మాటకు అర్థమేమని తరువాతి కాలమున ఋషిపతనమున స్థవిరులు కూడి చర్చించిరట. గతమొక కొస, భవిష్యత్తొక కొస, వర్తమానము నడుమ యని ఒకడు. సుఖమొక కొస, దుఃఖమొక కొస, రెండును కానిది నడుమ యని వేరొకడు. ఈ విధముగ ఆర్గురు ఆరు తీరుల వ్యాఖ్యానించి, తుదకు బుద్ధుని కడకే పోగా, ఆయన తన యుద్దేశమును తెలుపుచునే, మీరందరును చక్కగా చెప్పితిరని మెచ్చుకొనెను. కొలత యొక్కటే కాదనుటకు ఆ మెప్పుకంటె వేరు ప్రమాణమేల?

నేరేడు చెట్టు నీడ

శాక్య రాజకుమారుడు ఈ రెండు కొసలను గ్రంథములలో చదివి తెలిసికొన్నవాడు కాడు. మూడు ఋతువులకు మూడు ప్రాసాదములలో పెరిగి, ఇరువది తొమ్మిదవయేట ఇల్లు విడిచి, ఉరువేల వనమున ఆరేండ్లు ఉగ్రతపస్సు చేసెను. పెసరకట్టో ఉలవకట్టో పుడిసెడు త్రాగి ప్రాణము నిలుపుకొనుచు, కడుపు తడిమిన వెన్నెముక చేతికి తగులునంతగా శుష్కించి, ఇంతకుమించి దేహమును బాధించినవాడు పూర్వము లేడు, ఇక ముందు నుండబోడని తానే నిశ్చయించుకొనదగిన స్థితికి వచ్చెను. అయినను వెదకిన జ్ఞానము దొరకలేదు.

సుజాత తెచ్చిన పాయసము ఈ కథలో అందరును ఎరిగిన ఘట్టము. దానికి ముందు జరిగిన దానిని పాలి సూత్రములు మరింత శ్రద్ధతో చెప్పినవి. చిన్ననాడు, తండ్రి పొలముపనిలో నుండగా, నేరేడు చెట్టు నీడన ఒంటరిగా కూర్చుండి అప్రయత్నముగ పొందిన ప్రశాంతిని ఆ తాపసుడు జ్ఞప్తికి తెచ్చుకొనెను. తెచ్చుకొని, కామముతోను పాపముతోను సంబంధము లేని ఆ సుఖమునకు తాను ఏల భయపడుచున్నాడని తన్ను తానే ప్రశ్నించుకొనెను. ఆరేండ్ల కఠోర నియమమునకు అడుగున దాగియున్నది సత్యాన్వేషణ మాత్రమే కాదు, సుఖభీతి కూడ నని ఆ క్షణమున తేటపడెను. భోజనము ఆ గుర్తింపునకు ఫలము; మలుపు మాత్రము ఆ ప్రశ్నలోనే యున్నది.

వెంట నుండిన ఐదుగురు తాపసులు, ఇతడు భోగములకు మరలెనని యేవగించుకొని విడిచిపోయిరి. అతిని ఆరాధించువారి కంటికి మితము ఎల్లప్పుడును పతనముగనే కనబడును. కొంతకాలమునకు ఋషిపతన మృగదావమున ఆ యైదుగురికే ఆయన మొదటి యుపదేశము చేసెను. కామసుఖములలో మునుగుట, దేహమును పీడించుకొనుట అను రెండును ప్రయోజనము లేనివనియు, ఆ రెంటిని విడిచిన మధ్యమ మార్గము చూపునిచ్చుననియు, అది అష్టాంగములు గలదనియు చెప్పెను. అనుభవము లేని పండితుడు ఆ మాట చెప్పియున్నచో వారు లేచిపోయెడివారే. రెండు కొసలకును పోయి వచ్చినవాడు చెప్పుటచే నిలిచి వినిరి.

సోణుని వీణ

చంపానగరమున సంపన్న గృహమున పుట్టిన సోణుడు, అరికాళ్లయందు సైతము రోమములు మొలచునంతటి సుకుమారుడని, ఆ వింత చూచుటకు బింబిసార మహారాజే ఆతనిని పిలిపించెనని వినయ గ్రంథములు చెప్పును. అట్టివాడు భిక్షువై, రాజగృహము కడ శీతవనమున రేయింబవళ్లు చంక్రమణము చేసి, పాదములు చిట్లి నడచిన బాటయంతయు నెత్తురు కాగా, ఇంత శ్రమించినను ఫలము లేదు కనుక ఇంటికి పోయి సంపదలను అనుభవించుచు పుణ్యకార్యములు చేసికొందునని తలపోసెను. ఒక కొసన అలసినవాడు నడుమకు రాడు; తిన్నగా రెండవ కొసకే పరుగెత్తును. ఉపవాసము మరునాడు అతిభోజనము, కటిక మౌనము పిమ్మట వాచాలత, సంవత్సరమంతయు ఎడతెగని ఉద్యోగము చేసి సెలవు దినములలో మంచము దిగని జాడ్యము — ఇవి యన్నియు సోణుని తలపునకు చుట్టములే.

బుద్ధుడు వచ్చి ఆతనికి ధర్మశాస్త్రము బోధింపలేదు. గృహస్థుడవై యున్నపుడు నీవు వీణ వాయించుటలో నేర్పరివి గదా, తీగలు మిక్కిలి బిగువైన పలికెనా, మిక్కిలి వదులైన పలికెనా, అని యడిగెను. రెండును కాదని సోణుడు చెప్పెను. ప్రయత్నమును అట్లే శ్రుతి చేసికొనుమనుటయే ఉపదేశము. ఇందు రెండు విశేషములు గలవు. ఆనాటి వీణ నేటి తంజావూరు వీణ కాదు. అమరావతి శిల్పములలో కనబడు ధనురాకార వీణవంటిది, మెట్లు లేనిది, స్వరమునకొక్క తీగ గలది. కావున ఏ తీగ బిగువు దానిదే. అన్నిటిని సమముగ బిగించినచో పాట యుండదు. రెండవది, గురువు కొలతను తాను చెప్పలేదు. ఎన్ని జాములు నడువవలెనో, ఎన్ని జాములు విశ్రమింపవలెనో అంకె వేయలేదు. శిష్యునికి తెలిసియే యున్న విద్యను జ్ఞప్తికి తెచ్చి, ఆ చెవితోనే తన్ను తాను వినుమనెను.

ఆ సుకుమారునికి చెప్పులు తొడుగుకొన ననుమతి యీయగా, ఇంత సంపద విడిచి వచ్చినవాడు చెప్పులకాశపడెనని లోకులు తన్ననుకొందురు గాన, సంఘమునకంతకును అనుమతించినచో తొడుగుదునని సోణుడు విన్నవించెను. అంతట ఒంటిపొర చెప్పులు భిక్షువులందరికిని అనుమతింపబడెను. ఒక్కని నెత్తుటి పాదములవలన వేలకొలది భిక్షువుల నియమము సడలెననుట గమనింపదగినది. నియమమును దేహమునకు తగినట్లు సవరించుట ధర్మలోపము కాదని ఆనాటివారు ఎరిగియుండిరి.

సగము వేరు, మితము వేరు

తెలుగు దేశమున వైదిక కుటుంబములు పెక్కు ఆపస్తంబ సూత్రమును అనుసరించునవి. ఆ ధర్మసూత్రమున భోజన పరిమాణము చెప్పుచోట, సన్న్యాసికి ఎనిమిది కబళములు, వానప్రస్థునికి పదునారు, గృహస్థునికి ముప్పదిరెండు, బ్రహ్మచారికి మాత్రము లెక్క లేదని యున్నది. ఆహితాగ్నియు, బండి లాగు ఎద్దును, చదువుకొను బ్రహ్మచారియు తినియే కార్యము సాధింతురు గాని తినక సాధింపజాలరని వెంటనే వివరించెను. ఇచట సూత్రకారుడు ఎనిమిదికిని ముప్పదిరెంటికిని నడుమ నిరువది యని తేల్చి యందరికిని వడ్డింపలేదు. వయస్సును, పనిని, ఆశ్రమమును చూచి కొలత వేసెను. పెరుగుచున్న పిల్లవానికి కొలతయే వేయలేదు. అంతకుమించిన మాట యొకటి ఆ చోటనే కలదు: గృహస్థుడు తనకును, భార్యకును, కుమారునికిని తక్కువ చేసికొనవచ్చును గాని, తన యింట పనిచేయు దాసునకు తక్కువ చేయరాదు. తన తపస్సునకు ఇతరుల కడుపు మాడరాదని దీని సారము. ఇంటి యజమాని నియమనిష్ఠలకు వంటయింట నెవ్వరు ఏ వేళకు లేచుచున్నారో తరచి చూచిన, ఈ సూత్రమునకు నేటికిని పని గలదని తెలియును.

గ్రీకు దేశమున అరిస్టాటిల్ తన నీతిశాస్త్రమున ఇదే విషయమును వేరొక దారిని చెప్పెను. పది పాళ్ల యాహారము ఎక్కువ, రెండు పాళ్లు తక్కువ యైనంతమాత్రమున వ్యాయామ గురువు అందరికిని ఆరు పాళ్లు విధింపడు. మల్లవీరుడైన మైలోకు అది చాలదు, అప్పుడే గోదాలోనికి దిగినవానికి అది అధికము. మధ్యమము వస్తువునందు లేదు, మనయందున్నది. మరియొక హెచ్చరికయు ఆయనయే చేసెను: దొంగతనము, హత్య, వ్యభిచారము మున్నగువానిలో మధ్యమమను మాటయే లేదు, మితముగ దొంగిలుట సద్గుణము కాదు. భగవద్గీత ఆరవ యధ్యాయమున ఆహారమునందును, విహారమునందును, నిద్రయందును, మెలకువయందును తగుపాటి యున్నవానికే యోగము సిద్ధించునని చెప్పినపుడును, ఆ తగుపాటిని అంకెలలో చెప్పలేదు. ఈ మూడు గ్రంథములును అందరికిని ఒకే యంకె వేయకుండుట యాదృచ్ఛికము కాదు. అట్టి యంకె బయటివాడు వేయదగినది కాదు గనుక వేయలేదు.

అతి ఎవరిది?

ఈ మాటకొక గట్టి యాక్షేపము గలదు. మితవాదము పిరికివాని ముసుగు కాదా? లోకమును కదలించినవారందరును ఏదో ఒక కొసకు పోయినవారు కారా? తెలుగువారికి ఈ ప్రశ్న అడుగవలసిన పనియే లేదు. పొట్టి శ్రీరాములు పేరు చెప్పిన చాలును. రైలుశాఖలో ఉద్యోగము విడిచి సబర్మతి ఆశ్రమము చేరి, నెల్లూరులో హరిజనుల ఆలయప్రవేశము కొరకు నిరశనము పూనిన ఆ మహనీయుడు, 1952 అక్టోబరు 19న మద్రాసున ఆంధ్ర రాష్ట్రము కొరకు దీక్ష ప్రారంభించి, ఏబదియెనిమిది దినములు గడచిన పిదప డిసెంబరు 15 రాత్రి ప్రాణములు విడిచెను. నాలుగు దినములకు ప్రధానమంత్రి నెహ్రూ రాష్ట్ర నిర్మాణమును ప్రకటించెను. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రమేర్పడెను.

ఇది అతియా? ఉరువేలలో తాపసుడు చేసిన నిరాహారమునకును దీనికిని బాహ్యరూపమొక్కటే, లోపలిది వేరు. అచట దేహమును కృశింపజేయుటయే సాధనమని నమ్మబడెను, ఫలము కానరానందున విడువబడెను. ఇచట నిరాహారము తన ముక్తికి కాదు, పదిమంది విన్నపమును వినిపించుటకు. ప్రాణము పోవుట ఎన్నటికిని కోరదగినది కాదు, ఆ మార్గము అనుకరణమునకు పెట్టిన ఆదర్శమును కాదు. కాని యొక న్యాయమైన కోరిక చెవిని పడుటకు మనుష్యుడొకడు మరణింపవలసివచ్చినపుడు, అతి ఆకలిగొన్నవానిదా, వినకుండినవారిదా యని యడుగుట ధర్మము. నీతి విషయమున నడుమ నిలుచుట మితము కాదు. పీడించువానికిని పీడితునికిని సమాన దూరమున నిలిచినవాడు మధ్యమ మార్గమున నున్నానని చెప్పుకొనవచ్చును గాని, ఆతడు మార్గమున లేడు, అరుగుమీద నున్నాడు. మధ్యమము మన కోరికలకును, భయములకును, అలవాటులకును విధించుకొను కొలతయే గాని, ఇతరుల న్యాయమును సగము చేసి పంచు తక్కెడ కాదు.

అతి యేల సులభము

నేటి జీవితమున అతి రెండు వేషములు వేసికొని తిరుగుచున్నది. పదునారేండ్ల బాలుని తెల్లవారుజామున లేపి రాత్రి పొద్దుపోవువరకు పరీక్షకు తయారుచేయు వసతి కళాశాలలు మన రెండు రాష్ట్రములలోను వీధివీధినను వెలసినవి. ఆ బాలుడే పదేండ్ల పిమ్మట ఏ మహానగరమునందో సాఫ్ట్‌వేర్ కొలువున, అమెరికా గడియారముతో మేల్కొని భారతదేశపు గడియారముతో నిద్రకై పెనుగులాడుచుండును. వానికి విసుగు పుట్టినపుడు కనబడునది రెండవ వేషము: ఉద్యోగము వదలి హిమాలయములకు పోవలెననెడి యూహ, పంచదారనుండి సెల్‌ఫోనువరకు సమస్తమును నేటినుండియే త్యజింతుననెడి శపథము, ఏదో యొక యాహారనియమమును వేదముగ పాటించుట. మొదటిది ఫలింపకున్న రెండవది, రెండవది విసుగైన మొదటిది.

ఈ రెంటికిని ఇంత యాకర్షణ ఏల కలిగెను? అతికి ఒక గొప్ప సౌలభ్యము గలదు: అది నిర్ణయించు భారమును మననుండి తీసివేయును. ఎన్నడును తినరాదను నియమమున ఆలోచన యక్కరలేదు. ఎంత తినవచ్చును, నేడు ఆకలియా, విసుగా, ఎవరిమీది కోపమా యని విచారించుటలోనే శ్రమ యున్నది. పదునెనిమిది గంటలు చదువుమని గంట కొట్టినపుడు కూర్చున్నవాడు తనకేది యర్థమైనది, ఏది కాలేదు అని తెలిసికొనవలసిన పనినుండి తప్పించుకొన్నాడు. సమస్తమును గురువునకర్పించితినన్నవాడును, ఏదియు లెక్కచేయనన్నవాడును తమ్ము తాము చూచుకొనుటను సమానముగనే వాయిదా వేసినారు. మితమును పాటింపదలచినవానికి ఆ వెసులుబాటు లేదు. ఆతడు ప్రతిదినమును తన్ను తాను అడుగవలెను, వినవలెను, సవరించుకొనవలెను. ఆత్మజ్ఞానము కలిగిన పిదప మితము వచ్చుననుకొనుట పొరపాటు. తన కొలతను వెదకుటయందే మనుష్యుడు తన్ను తాను తెలిసికొనును.

గడువుగల దీక్ష

అట్లయిన కొసల పొంత పోనే కూడదా? పోవచ్చును, తిరిగివచ్చు త్రోవ ముందుగ నిర్ణయించుకొని పోవలెను. మన సామాన్య జనులు ఈ సంగతి శాస్త్రము చదువకయే ఎరుగుదురు. కార్తీక మాసమున అయ్యప్ప మాల వేసికొన్న ఆటో నడుపువాడో, గుమాస్తాయో, కూరగాయల వర్తకుడో నలువది యొక్క దినములు నల్లబట్టలు కట్టి, చెప్పులు విడిచి, తెల్లవారకమున్నె చన్నీటిస్నానము చేసి, ఒంటిపూట భిక్షతో, నేలపడకతో గడపును. ఎదుటపడిన వారినెల్ల స్వామీ యని పిలుచును. అయినను బండి నడుపుట మానడు, అంగడి మూయడు. ఇరుముడి సమర్పించి వచ్చిన పిమ్మట మాల తీసి యథాపూర్వముగ సంసారములో ప్రవేశించును. రంజాను మాసమున ముస్లిం సోదరుడు ఉషఃకాలమునుండి సూర్యాస్తమయమువరకు నీరైనను ముట్టడు. కాని రోగికిని ప్రయాణికునికిని ఆ నియమమునుండి మినహాయింపు గలదు, విడిచిన దినములను పిదప తీర్చుకొనవచ్చును. పది దినముల విపశ్యనా శిబిరమున తెల్లవారుజామున నాలుగింటికి లేచి మౌనము పాటించువారికి, పదవనాడు మౌనము సడలింపబడును. నిశ్శబ్దమునుండి తిన్నగా బజారులోనికి నెట్టక, ఒక దినము మాటలకు అలవాటుపడనిత్తురు.

వీనిలో దేనికిని అంతులేనితనము లేదు. గడువు, మినహాయింపు, మరలివచ్చు ఏర్పాటు — ఈ మూడును గల కాఠిన్యము మనుష్యుని విరుగగొట్టదు. దేనిని విడిచి తాను నిలువగలడో, దేనిని విడువలేడో చూపించి పంపును. సిగరెట్టు నలువది దినములు మానగలిగినవాడు, నలువది యొకటవనాడు మరల వెలిగించినను, తనకు శక్తి లేదని ఇకమీద అబద్ధమాడజాలడు. రెండు కొసలను తెలియుట యనగా ఇదియే. కొసన కాపురముండుట కాదు.

విజయపురి లోయ

కృష్ణానది కుడిగట్టున, కొండల నడుమ, 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు రాజులు విజయపురిని రాజధానిగ చేసికొని యేలిరి. నాగార్జునసాగర్ జలాశయము క్రింద మునుగకమున్ను 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకములలో బయటపడిన ఆ నగరము, మితమును గూర్చిన గ్రంథముకంటె స్పష్టముగ మాటలాడుచున్నది. రాజు చాంతమూలుడు అశ్వమేధాది వైదిక క్రతువులు చేసినవాడు. ఆతని తోబుట్టువు చాంతిసిరి బౌద్ధ మహాచైత్యమునకు దాత్రి. భిక్షువుల విహారములు, పుష్పభద్రస్వామి, అష్టభుజస్వామి యాలయములు, మెట్లు మెట్లుగ ఆసనములు దీర్చిన క్రీడారంగము, ఇవి యన్నియు నొక్క లోయలోనివే. ధ్యానించువారికిని, యజ్ఞము చేయువారికిని, ఆటలు చూచి కేరింతలు కొట్టువారికిని ఆ నగరమున చోటు దొరకినది. అందలి కట్టడములు కొన్ని ప్రక్కనున్న కొండమీదికిని, అనుపు అను చోటికిని తరలింపబడినవి, మిగిలినవి నీటి పాలైనవి. పొలములకు నీరును కావలెను, పూర్వుల గురుతులును కావలెనన్నపుడు చేసికొన్న ఆ యేర్పాటులో నష్టము లేకపోలేదు. మితము నష్టము లేని బేరమని ఎవ్వరును భ్రమపడరాదు. దేనిని కోల్పోవుచున్నామో తెలిసి కోల్పోవుటయే దాని ప్రత్యేకత.

ఈ లోయలోని శ్రీపర్వతముతో సంప్రదాయము ముడివేసిన ఆచార్య నాగార్జునుడు, ఇరువదియేడు ప్రకరణముల మూలమధ్యమక కారికలలో, కాత్యాయనునికి బుద్ధుడు చేసిన యుపదేశమును పేరుపెట్టి స్మరించెను: ఉన్నదనుట యొక కొస, లేదనుట యొక కొస. శూన్యతను బోధించిన ఆయనయే, ఆ శూన్యతను ఒక మతముగ పట్టుకొని వ్రేలాడువారికి చికిత్స లేదని హెచ్చరించెను. నడుమనుకూడ అంటుకొనరాదన్న పాత ప్రశ్నకు కృష్ణాతీరపు సమాధానమిది.

ఆత్మవిచారమునకు ఈ దృష్టి యెంత యావశ్యకమో వచ్ఛగోత్రుని కథ తెలుపును. ఆత్మ యున్నదా యని యా పరివ్రాజకుడు బుద్ధుని నడిగెను, ఆయన పలుకలేదు. లేదా యని యడిగెను, అప్పుడును పలుకలేదు. ఆతడు లేచిపోయిన పిదప ఆనందుడు కారణమడుగగా, ఏ సమాధానమైనను ఒక కొసను సమర్థించినట్లగుననియు, అసలే కలతపడియున్నవాడు మరింత కలతపడుననియు బుద్ధుడు వివరించెను. తన్ను గూర్చి తాను తీర్పు చెప్పుకొనుటకు తొందరపడువారు ఈ మౌనమునుండి నేర్వవలసినది చాల గలదు. నేను కోపిష్ఠిని, నేను దేనికిని పనికిరానివాడను, నేనందరికంటె ఘనుడను అను నిర్వచనములు ఆత్మజ్ఞానములు కావు. అవి చూపునకు ముందే వేసిన తలుపులు. చూడదగినది ఇంతే: ఏ వేళ, ఎవరియెదుట, ఏ మాటకు నాలో కోపము పుట్టినది, ఎంతసేపు నిలిచినది, దేనితో చల్లారినది.

నాగార్జునుడు శాతవాహన ప్రభువునకు వ్రాసెనని ప్రసిద్ధమైన సుహృల్లేఖను భారతదేశమున విద్యార్థులు చదువు తొలినాళ్లలోనే వల్లించెడివారని చైనా యాత్రికుడు ఇత్సింగ్ వ్రాసెను. రాజునకుద్దేశించిన మరియొక గ్రంథము రత్నావళి. అందు రాజును రాజ్యము విడిచి అడవికి పొమ్మని తొందరపెట్టక, ఖైదీలకు క్షురకుని, స్నానమును, అన్నపానములను, ఔషధమును, వస్త్రమును సమకూర్పుమని చెప్పెను. సమస్తమును శూన్యమని వాదించిన తార్కికుడు చెరసాలలోని మంగలిపని వరకు ఆలోచించెను! జీవితమునకు సార్థక్యము లోకమునకు ఆవల నెక్కడనో దాగియున్నదని వెదకువారికి ఇంతకంటె మంచి ప్రత్యుత్తరము లేదు.

గురువారమునకు నిలుచు సంకల్పము

వారపత్రికలు చదువుకొను ఆదివారమున సంకల్పములు పుట్టుట సహజము. రేపటినుండి నాలుగింటికి లేచెదను, కోపమును పూర్తిగ మానెదను, ఫోను ముట్టను, దినమునకు గంటసేపు ధ్యానము చేసెదను అని మనుష్యుడు ఉత్సాహముతో నిశ్చయించుకొనును. సోమవారమవి యన్నియు సాగును; బుధవారమునకు సడలును; గురువారమునకు, తనకు నిగ్రహము లేదనెడి నింద యొక్కటే మిగులును. అట్టివారు సంకల్పమును గురువారపు బలమునుబట్టి కొలుచుకొనవలెను: పని పెరిగిన నాడు, ఇంట నొకరికి జ్వరము వచ్చిన నాడు, నిద్ర చాలని నాడు నేను నిలుపుకొనగలది యెంత? ఆ యెంత యనునది అందరికి నొకటి కాదు. నిరుడు నాకున్నది ఈ యేడు నుండదు. ముప్పదియవ యేటిది అరువదియవ యేట పనికిరాదు. తప్పిననాడు తప్పినదేమో చూచి, మరునాడు కొలత సవరించుకొన్నవాడు ఓడిపోలేదు, సవరింపుటయే సాధన. ఆ కొలత పది నిమిషములే కావచ్చును, ఒక్క పూట కోపము నాపుకొనుటయే కావచ్చును. అది చిన్నదని సిగ్గుపడనక్కరలేదు. గురువారమున కూడ నిలిచినదైన, అది నిజముగ మనదే.